మొదటి పుల్ రిక్వెస్ట్‌కే తిట్లు పడ్డాయి. జవాబివ్వాలా, వదిలేయాలా?

తొలిప్యాచ్
విశాఖ మధురవాడలో ఒక చిన్న కంపెనీలో ఏడాదిగా పనిచేస్తున్నాను. పొడుగు పేర్లను కుదించి చూపించడానికి మా యాప్‌లో ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీ, అంటే ఎవరైనా వాడుకుని మార్పులు సూచించగల కోడ్, వాడతాం. ఇన్ని అక్షరాలని చెబితే అక్కడ కోసి పక్కన మూడు చుక్కలు పెడుతుంది. ఇంగ్లీషులో ఏ ఇబ్బందీ లేదు. తెలుగులో 'లక్ష్మి' అని ఇస్తే 'లక్ష్…' అని వస్తోంది. మన కంటికి అక్కడున్నవి రెండే అక్షరాలు: ల, క్ష్మి. కంప్యూటర్‌కు మాత్రం ఏడు ముక్కలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఐదో ముక్క దగ్గర కోస్తే చివర పొల్లు వేలాడుతూ ఉండిపోతుంది.

రెండు వారాలు ఆఫీసు అయ్యాక కూర్చుని సరిచేశాను. పద్నాలుగు లైన్ల మార్పు, ఆరు టెస్టులు. నా మొదటి పుల్ రిక్వెస్ట్, అంటే ఈ మార్పు మీ కోడ్‌లో కలుపుకోండని అడగడం. పెట్టిన రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.

పొద్దున్నే చూస్తే నాలుగు కామెంట్లు. ఒకటి: 'ఇండియా నుంచి మరో రీడ్‌మీ సరుకు.' (ప్రాజెక్టు పరిచయం రాసే ఫైలే రీడ్‌మీ.) రెండు: 'ఈ భాషను కంప్యూటర్‌లో ఎవరు వాడతారు?' మూడోది ఉత్త నవ్వు బొమ్మలు. నాలుగు: 'పొల్లు నంబరు చేత్తో కొట్టేశారు. యూనికోడ్ నియమాలు చదవకుండా వచ్చేస్తారు.' (అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్‌లో నంబర్లు ఇచ్చే ప్రమాణమే యూనికోడ్.) వీళ్ళెవరూ ఆ ప్రాజెక్టు నడిపేవాళ్ళు కాదు. దాన్ని నడిపే మెయింటెయినర్ ఆరు రోజులుగా ఒక్క మాట మాట్లాడలేదు.

రాత్రి రెండింటికి పెద్ద జవాబు రాసి పెట్టుకున్నాను. ఇంకా పోస్ట్ చేయలేదు. చేయనా? పుల్ రిక్వెస్ట్ మూసేసి ఊరుకోనా?

గాజువాక_గేర్
చెయ్ తమ్ముడూ, ఆలోచించకు. కుక్క కాటుకు చెప్పు దెబ్బ. 2011 జనాభా లెక్కల్లోనే 8 కోట్ల మందికి పైగా తెలుగు మా మాతృభాష అని రాయించారు. ఎవరు వాడతారని అడిగేవాడికి ఆ అంకె ముఖాన కొట్టు.

తొలిప్యాచ్
తమ్ముడు కాదండీ, చెల్లి.

గాజువాక_గేర్
సారీ చెల్లీ. కోడ్ అనేసరికి తమ్ముడు అని వచ్చేసింది, నాదే తప్పు. చెప్పు దెబ్బ సంగతి మాత్రం వెనక్కి తీసుకోను.

పాతకోడ్
రాత్రి రెండింటికి రాసింది పోస్ట్ చేయలేదు చూశావూ, అందులోనే సగం పని అయిపోయిందమ్మా. 1995 అక్టోబరులో ఆర్ఎఫ్‌సీ 1855 అని ఒకటి వచ్చింది. నెట్‌లో ఎలా మసలుకోవాలో చెప్పే పత్రం. కోపంతోనో బాధతోనో రాసే జవాబును ఒక రాత్రి ఆపి పంపమని అందులో ఉంది. పంపేటప్పుడు ఆచితూచి పంపు, వచ్చినదాన్ని ఉదారంగా తీసుకో అని కూడా ఉంది. ఆ రెండో మాట ఇంటర్నెట్ తొలి నిర్మాతల్లో ఒకరైన జాన్ పోస్టెల్ నెట్‌వర్క్ ప్రోటోకాల్స్ గురించి చెప్పిన సూత్రమే, మనుషులకు అన్వయించారు. డయలప్ మోడెం కూత వింటూ నేను నేర్చుకున్నది ఇది. ఇప్పటికీ కోపం వస్తే డ్రాఫ్ట్‌లో పెట్టి బీచ్ రోడ్డు మీద ఒక నడక నడిచొస్తాను. తిరిగొచ్చాక సగం వాక్యాలు కొట్టేస్తాను.

గాజువాక_గేర్
ఉదారంగా తీసుకోవడం అంటే తిట్లు కూడానా గురూ?

పాతకోడ్
తిట్లు కాదు. నాలుగో కామెంట్ ఇంకోసారి చదవండి. గొంతు బాలేదు, కానీ అందులో విషయం ఉంది.

జాలరిపేట_నాని
ఇలా రెచ్చగొట్టేవాళ్ళను ట్రోల్ అంటారు కదా, ఆ మాట మా జాలర్లకు కొత్త కాదు. బోటు నడుస్తుండగా వెనక తాడుకు గాలం కట్టి ఎర ఈడ్చుకుంటూ వెళ్ళడాన్ని ఇంగ్లీషులో ట్రోలింగ్ అంటారు. హార్బర్‌లో కనిపించే వల బోట్లు ట్రాలర్లు, అవి వేరు. వల అయితే చేప ఉన్నచోటికి మనం పోవాలి. ఈడ్చే ఎరకు చేపే పరుగెత్తుకొస్తుంది. అది కదులుతుంది కాబట్టి బతికున్నదనుకుంటుంది. ఇంటర్నెట్‌లో ఈ మాట మొదట పడింది కూడా ఈ అర్థంలోనే, కొత్తవాళ్ళకు ఎర వేయడం. 'ఎవరు వాడతారు' అన్నది ప్రశ్న కాదు, ఎర. దానికి జనాభా లెక్కలు చెప్పామంటే నోట్లో గాలం పడ్డట్టే.

గాజువాక_గేర్
సరే, అంకె చెప్పొద్దు. మరి నోరు మూసుకుని కూర్చోవాలా?

టెస్టర్_సంధ్య
గేర్ అన్న అడిగింది సరైన ప్రశ్నే. నాకు ఈ 'పట్టించుకోకు' సలహా వింటేనే అలసట వస్తుంది. పదకొండేళ్ళుగా టెస్టింగ్‌లో ఉన్నాను. నా పూర్తి పేరుతో ఒక ప్రాజెక్టులో బగ్ పెడితే 'మీ సెటప్ సరిగ్గా ఉందో లేదో ముందు చూసుకోండి' అని వచ్చేది. తర్వాత పేరు తీసేసి రెండు ఇంగ్లీషు అక్షరాలు పెట్టుకున్నాను. అదే ప్రాజెక్టు, అదే తరహా బగ్. ఈసారి 'ఏ వెర్షన్‌లో వచ్చింది?' అని అడిగారు. నేను మారలేదు, నా బగ్ రిపోర్టు రాసే తీరు మారలేదు.

మర్యాదగా ఉండాల్సిన బరువు ఎప్పుడూ తిట్లు తిన్నవాళ్ళ మీదే ఎందుకు పెడతారు? ఈ అమ్మాయి ఏం చేయాలి అని అందరూ చెబుతున్నారు. ఆ ప్రాజెక్టు ఏం చేయాలి అని ఒక్కరూ అడగలేదు.

తొలిప్యాచ్
అక్కా, ఇది చదివి కళ్ళలో నీళ్ళొచ్చాయి. నేను కూడా పేరు మార్చేద్దామా అని ఆలోచించాను.

టెస్టర్_సంధ్య
మార్చకమ్మా. నేను మార్చినందుకు ఇప్పటికీ బాధపడతాను.

కెర్నల్_బాబాయ్
ప్రాజెక్టు ఏం చేయాలి అన్నదానికి ఒక సంగతి చెబుతాను. ఇలాంటి చోట్ల ఎవరో ఒకరు 'లైనస్ టోర్వాల్డ్స్ అంతంత తిట్లు తిట్టాడు, అయినా లినక్స్ ఆగిందా' అంటారు. అది సగం కథ.

లైనస్ మొదలుపెట్టిన లినక్స్ కెర్నల్, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, 1991 నుంచి నడుస్తోంది. ఆయన మెయిళ్ళు ఎంత కరుగ్గా ఉండేవో చదివినవాళ్ళకు తెలుసు. ఎక్కువగా కొత్తవాళ్ళను కాదు, తప్పు చేయకూడని సీనియర్ మెయింటెయినర్లనే తిట్టేవారని వెనకేసుకొచ్చేవాళ్ళు. నేనూ అలాగే వెనకేసుకొచ్చాను. కానీ ఆ మెయిల్ ఒక్కరికే వెళ్ళదు కదా. జాబితాలో ఉన్న వేలమంది చదువుతారు. అందులో మొదటి ప్యాచ్, అంటే కోడ్ సవరణ, పంపుదామా అని చూస్తున్నవాడు 'పెద్దవాళ్ళకే ఇలా ఉంటే నాకెలా ఉంటుందో' అని కిటికీ మూసేస్తాడు. వెళ్ళిపోయినవాళ్ళు ఎందుకు వెళ్ళారో చెప్పి వెళ్ళరు, అందుకే ఆ నష్టం లెక్కకు రాదు.

2015లో 'కోడ్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్' అని ఒక చిన్న పేరా పెట్టారు. దాంతో పెద్దగా ఒరిగింది లేదు. 2018 సెప్టెంబరు 16న, 4.19 వెర్షన్ పరీక్ష విడుదల (ఆర్‌సీ4) మెయిల్‌లోనే లైనస్ క్షమాపణ రాశారు. తన మెయిళ్ళలోని దాడులు వృత్తికి తగినవి కావని, మనుషుల భావాలు అర్థం చేసుకోవడంలో సాయం తీసుకుంటానని చెప్పి పని నుంచి కొన్ని వారాలు పక్కకు తప్పుకున్నారు. ఆ వెర్షన్‌ను మరో సీనియర్ మెయింటెయినర్ గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ పూర్తిచేసి అక్టోబరులో విడుదల చేశారు. పాత పేరా స్థానంలో 2014లో మొదలైన కంట్రిబ్యూటర్ కోవెనెంట్ అనే నమూనా ఆధారంగా రాసిన నియమావళి వచ్చింది.

అప్పుడు 'ఇక కెర్నల్ నాణ్యత పడిపోతుంది' అని గోల చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. పడిపోలేదు. చెత్త ప్యాచ్‌ను ఇప్పటికీ చెత్త అంటారు. రాసినవాడిని అనరు, అంతే తేడా.

గాజువాక_గేర్
బాబాయ్, ఆ ఉదాహరణ చెప్పబోయింది నేనే. నా నోట్లోంచి లాగేసుకున్నారు.

క్యాంపస్_క్లబ్
'రీడ్‌మీ సరుకు' అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పడం లేదు, నేను చెబుతాను. మన వాళ్ళ వల్ల కూడా వచ్చింది. 2020 అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అని ఓపెన్ సోర్స్‌ను ప్రోత్సహించే కార్యక్రమంలో నాలుగు పుల్ రిక్వెస్టులు పెడితే టీ షర్టు ఇస్తామన్నారు. రీడ్‌మీలో ఒక విశేషణం చేర్చి, ఒక కామా మార్చి వేలకొద్దీ పంపారు. మెయింటెయినర్లు గగ్గోలు పెడితే, ఒప్పుకున్న రిపోలకు (ప్రాజెక్టు కోడ్ ఉంచే చోట్లకు) మాత్రమే లెక్క అని ఆ నెలలోనే నిబంధన మార్చారు. 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ అనే వెబ్ సర్వర్ లైబ్రరీ ప్రాజెక్టుకు కూడా అంతే. ఒక పాఠం వీడియోలో చూపించారని పిల్లలు రీడ్‌మీలో తమ పేర్లు చేర్చి వరసపెట్టి పంపారు. అవతల ఒక మనిషి కూర్చుని ఒక్కొక్కటీ మూయాలి. వాళ్ళకు కోపం రావడం అన్యాయమేమీ కాదు.

మా కాలేజీ క్లబ్‌లో ఇప్పుడు జూనియర్లకు మొదటి రోజే ఒక మాట చెబుతున్నాం. నేర్చుకోవడానికి మన సొంత రిపో ఉంది, అందులో ఎంత చెత్త అయినా వేసుకోండి. బయటి ప్రాజెక్టుకు పంపేది మీరు నిజంగా వాడుతూ, నిజంగా ఇబ్బంది పడ్డది అయి ఉండాలి.

టెస్టర్_సంధ్య
ఒప్పుకుంటాను. కానీ ఎవరో టీ షర్టు కోసం చేసినదానికి, రెండు వారాలు కూర్చుని టెస్టులు రాసిన అమ్మాయి ఎందుకు మాటలు పడాలి? పేరు చూసి, దేశం చూసి తీర్పు ఇచ్చేశారు. డిఫ్ (ఏం మారిందో చూపే పేజీ) తెరిచి చూడటానికి అర నిమిషం పట్టదు.

క్యాంపస్_క్లబ్
అవును అక్కా, అది సమర్థించడం లేదు. కోపం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మనసుకు తక్కువ తగులుతుందని చెప్పాను.

రాత్రిషిఫ్ట్
అటువైపు నుంచి మాట్లాడేవాళ్ళు లేరు కాబట్టి నేను మాట్లాడతాను. ఒక చిన్న లైబ్రరీని ఆరేళ్ళుగా ఒక్కడినే చూసుకుంటున్నాను. రూపాయి రాదు. రాత్రి షిఫ్టు అయ్యాక సీతమ్మధారలో గదికొచ్చి, టీ పెట్టుకుని, ఇష్యూలు తెరుస్తాను. 'ఇంకా సరిచేయలేదా', 'మా ప్రొడక్షన్ ఆగిపోయింది, మీకు బాధ్యత లేదా', ఇలాంటివి రోజుకొకటి. ఒకరోజు టీ చల్లారేదాకా ఆ ఒక్క వాక్యాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత మూడు నెలలు ఆ రిపో తెరవలేదు.

ఇది మనసుకు సంబంధించిన విషయం మాత్రమే అనుకోకండి. ఎక్స్‌జెడ్ సంగతి గుర్తుందా? ఫైళ్ళను కుదించే ఆ లైబ్రరీని లాసే కాలిన్ దాదాపు ఒంటరిగా చూసుకునేవారు. 2022లో అంతకుముందు ఎవరికీ తెలియని ఖాతాల నుంచి మెయిళ్ళు మొదలయ్యాయి. ప్యాచ్‌లు ఎందుకు ఆలస్యం, చేతకాకపోతే వేరేవాళ్ళకు అప్పగించొచ్చుగా అని. తనకు చాలాకాలంగా మానసిక ఆరోగ్య ఇబ్బందులున్నాయని, ఇది జీతం లేని పని అని ఆయన చెప్పుకోవలసి వచ్చింది. అయినా నొక్కారు. ఆ పక్కనే జియా టాన్ అనే పేరుతో ఒకరు ఎంతో మర్యాదగా, ఓపిగ్గా సాయం చేస్తూ వచ్చారు. చివరికి అధికారం ఆ చేతికే వెళ్ళింది. 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్ళే దారి) లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటా అని ఆండ్రెస్ ఫ్రూండ్ అనే ప్రోగ్రామర్ తవ్వబట్టి 2024 మార్చి 29న బయటపడింది. లేకపోతే అది ఎన్ని సర్వర్లలోకి వెళ్ళేదో.

ఆ వేధించిన ఖాతాలు ఆ తర్వాత కనిపించలేదు. కసిరేవాడు ఒకడు, కన్నీళ్ళు తుడిచేవాడు ఒకడు, ఇద్దరూ ఒకటేనని చాలామంది నమ్ముతారు. మెయింటెయినర్‌ను సతాయిస్తుంటే 'ఆగండి, ఆయన మనిషే' అని చదువుతున్నవాళ్ళలో ఇద్దరు గట్టిగా అని ఉంటే కథ వేరుగా ఉండేదేమో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

జాలరిపేట_నాని
ఇది చదివాక వెన్ను జలదరించింది.

పాతకోడ్
అందుకే నేను మర్యాద అంటే తియ్యటి మాటలు అనుకోను. ఆ జియా టాన్ మాటలు తియ్యగానే ఉన్నాయి. కర్ల్ అనే డేటా బదిలీ సాధనం రాసిన డేనియల్ స్టెన్‌బర్గ్ 2025లో ఏఐతో రాయించిన దొంగ సెక్యూరిటీ రిపోర్టుల గురించి గట్టిగా మొత్తుకున్నారు. చదివితే ఎంత వినయం! దయచేసి, ధన్యవాదాలు, మీ విలువైన సమయం, అన్నీ ఉంటాయి. లోపలున్న ఫంక్షన్ మాత్రం అసలు కోడ్‌లోనే ఉండదు. అవతలివాడి రెండు గంటలు పోతాయి. ఎదుటి మనిషి సమయాన్ని దోచుకునేది ఎంత మెత్తగా రాసినా అమర్యాదే.

గాజువాక_గేర్
ఇది బాగా చెప్పారు.

ఎంవీపీ_డబుల్‌రోడ్డు
ఆరు రోజుల మౌనం గురించి ఒక మాట. 2014 అక్టోబరు మొదటి వారంలో నేనొక ప్రాజెక్టుకు ప్యాచ్ పంపాను. మార్పులు అడిగారు, వారాంతంలో చేస్తానన్నాను. 12న హుద్‌హుద్ వచ్చింది. తర్వాత సంగతి ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. మా వీధిలో చెట్లన్నీ నేల మీద, కరెంటు లేదు, ఫోన్ లేదు, బిందె పట్టుకుని నీళ్ళ కోసం లైను. పది రోజుల తర్వాత నెట్ వచ్చి మెయిల్ తెరిస్తే, 'ఇంకొకడు పని మధ్యలో వదిలేసి పారిపోయాడు. ఇలాంటివాళ్ళను నమ్మొద్దు' అని ఒకాయన రాసి ఉన్నాడు.

అప్పుడు నాకు ఏం రాయాలనిపించిందో ఇక్కడ రాయలేను. మా ఆవిడ పక్కన కూర్చుని 'ఏం జరిగిందో అదొక్కటే చెప్పండి' అంది. 'మా ఊరికి తుపాను వచ్చింది. పది రోజుల తర్వాత ఇవాళే కరెంటు వచ్చింది. మార్పులు రేపు పంపుతాను.' ఇంతే రాశాను. గంటలో ఆయన నుంచి క్షమాపణ వచ్చింది. తర్వాత నాలుగేళ్ళు ఆయనే నా కోడ్ చూశాడు.

మీ మెయింటెయినర్ ఇంట్లో ఏ తుపాను ఉందో మనకు తెలియదు. ఇంకో వారం చూడండి.

తొలిప్యాచ్
నిజమే. ఆయన మీద కూడా లోపల కోపం పెట్టుకున్నాను. మౌనంగా ఉన్నాడంటే వాళ్ళతో ఏకీభవించాడనుకున్నాను.

బగ్గు_బండి
ట్రోలింగ్ అంటే గుర్తొచ్చింది. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' ఐఫోన్లను పడగొట్టింది, గుర్తుందా? జ్ఞ తర్వాత అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తొకటి, ఆపైన దీర్ఘం. ఆ వరస మెసేజ్‌లో వస్తే యాప్ కూలిపోయేది. కావాలని జనం ఒకరికొకరు పంపుకున్నారు. ఫిబ్రవరి 19న 11.2.6 అప్‌డేట్‌తో ఆపిల్ సరిచేసింది. జ్ఞానంలో అక్షరంతో అజ్ఞానపు పని అని మా తెలుగు మాస్టారు తెగ బాధపడ్డారు.

కెర్నల్_బాబాయ్
ఆ బగ్ ఈ అమ్మాయి చెప్పేదానికి సాక్ష్యం కూడా. మన ఒత్తుల గురించి ఆలోచించకుండా కోడ్ రాస్తే అంత పెద్ద కంపెనీకే దెబ్బ తగిలింది. 'ఎవరు వాడతారు' అన్నవాడికి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు. అయినా అది వాడికి చెప్పకు తల్లీ, నీ మనసులో ఉంచుకో.

పాతకోడ్
ఇప్పుడు నాలుగో కామెంట్‌కు వద్దాం. చేపలో ముల్లు ఉందని పళ్ళెం తోసేయం కదా, ముల్లు తీసి తింటాం. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో ఒత్తక్షరాన్ని విడగొట్టకూడదని కొత్త నియమం చేరింది. దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళంతో పాటు తెలుగు పొల్లు కూడా అందులో ఉంది. బ్రౌజర్‌లోనే ఉండే, మాటను అక్షరాలుగా విడగొట్టే సెగ్మెంటర్‌ను వాడితే 'క్ష్మి' ఒక్క ముక్కగా వస్తుంది. చేత్తో నంబరు కొట్టడం కన్నా అదే దారి. ఆ మనిషి నిన్ను చదువురానిదానిలా మాట్లాడాడు, తప్పు. కానీ చూపించిన లోపం నిజం.

తొలిప్యాచ్
ఆ నియమం నేను చదవలేదు. కానీ సెగ్మెంటర్ చూశానండీ. పాత బ్రౌజర్లలో పనిచేయదని వదిలేశాను. ఫైర్‌ఫాక్స్‌లో అది వచ్చిందే 2024 ఏప్రిల్‌లో, 125వ వెర్షన్‌లో. ఉన్నచోట కూడా కొత్త నియమం రాకముందు తయారైనదైతే ల, క్, ష్, మి అని నాలుగు ముక్కలు చేస్తుంది. మళ్ళీ 'లక్ష్…' కథే. మా యాప్ వాడేవాళ్ళలో పాత ఫోన్లు చాలా ఉన్నాయి.

పాతకోడ్
ఇదీ నువ్వు రాయాల్సిన జవాబు! ఇది రాత్రి రెండింటికి రాసినదాంట్లో ఉందా?

తొలిప్యాచ్
లేదండీ. అందులో అంతా నా బాధే ఉంది.

టెస్టర్_సంధ్య
బాధ ఉండటం తప్పు కాదు. దాన్ని ఇక్కడ చెప్పు, మేమున్నాం. అక్కడ సెగ్మెంటర్ గురించి చెప్పు.

రాత్రిషిఫ్ట్
సంధ్యగారు మొదట అడిగింది మళ్ళీ పైకి తెస్తున్నాను, ప్రాజెక్టు ఏం చేయాలి? నేను చేసేది చెబుతాను. మనిషి మీద వచ్చిన కామెంట్‌ను దాచేస్తాను, చర్చించను. మళ్ళీ చేస్తే బ్లాక్. గొడవ ముదిరితే, కోడ్ ఉంచే గిట్‌హబ్ సైట్‌లో ఆ సంభాషణకు తాళం వేయొచ్చు, 'వేడెక్కింది' అని కారణం చూపించే వీలు కూడా ఉంది. బయటి నుంచి గుంపుగా వస్తే, ఇంతకుముందు పనిచేసినవాళ్ళు మాత్రమే మాట్లాడేలా 24 గంటల నుంచి ఆరు నెలల వరకు పరిమితి పెట్టుకోవచ్చు. ఇవన్నీ నొక్కడానికి రెండు నిమిషాలు. మొదటి రెండేళ్ళు నేను నొక్కలేదు. అందరినీ మాట్లాడనివ్వడమే న్యాయం అనుకున్నాను. ఆ రెండేళ్ళలో మంచిగా మాట్లాడే ముగ్గురు వెళ్ళిపోయారు, గొడవపడే ఒక్కడు మిగిలాడు.

గాజువాక_గేర్
ఆ ఒక్కడు ఇప్పుడెక్కడ?

రాత్రిషిఫ్ట్
బ్లాక్ చేశాను. వెళ్ళిపోయిన ముగ్గురిలో ఒకరు తిరిగొచ్చారు.

కెర్నల్_బాబాయ్
ఈ కాపలా పని కూడా తేలిక కాదు. 2021 నవంబరులో రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష ప్రాజెక్టులో మోడరేషన్ టీమ్ మొత్తం ఒకేసారి రాజీనామా చేసింది, పైనున్న కోర్ టీమ్‌కు జవాబుదారీతనం లేదని. పైథాన్ భాషను సృష్టించిన గైడో వాన్ రాసమ్ 2018 జులైలో పక్కకు తప్పుకున్నారు. పెప్ 572 అనే ప్రతిపాదనలోని ఒక చిన్న ఆపరేటర్ గుర్తు గురించి జరిగిన రభసతో విసిగిపోయి. దాదాపు ముప్పై ఏళ్ళు మోసిన మనిషి. అక్కడ అందరూ ట్రోల్స్ కాదు, చాలామంది మంచి ప్రోగ్రామర్లే. వందమంది మంచివాళ్ళు తలో మాట గట్టిగా అన్నా ఒక్క మనిషి మీద పడేది వంద మాటలే.

క్యాంపస్_క్లబ్
ఇది మా క్లబ్ గోడ మీద రాసుకుంటాను బాబాయ్.

తొలిప్యాచ్
డ్రాఫ్ట్ రాశాను. ఇంగ్లీషులో పెట్టేముందు ఇక్కడ తెలుగులో:

'పేరు కోసినప్పుడు పొల్లు మిగిలిపోవడాన్ని ఈ ప్యాచ్ సరిచేస్తుంది. యూనికోడ్ నియమం వాడమన్న సూచన సరైనదే. సెగ్మెంటర్ కొత్త నియమంతో ఉన్నచోట దాన్నే వాడేలా మార్చాను. పాత బ్రౌజర్ల కోసం పొల్లు చూసుకునే కోడ్ అలాగే ఉంచాను, ఎందుకో కామెంట్‌లో రాశాను. టెస్టులు ఆరు నుంచి పదకొండు అయ్యాయి. ఈ భాష నాది, మా యాప్ వాడేవాళ్ళది.'

పాతకోడ్
చాలా బాగుంది. చివరి వాక్యం తీసేయమంటాను. అది మళ్ళీ ఎరను ముట్టినట్టే.

గాజువాక_గేర్
అది తీసేస్తే నేను ఒప్పుకోను. అందులో తిట్టు లేదు, వెటకారం లేదు. తలవంచుకుని వెళ్ళిపోలేదని ఒక్క ముక్కైనా ఉండాలి.

జాలరిపేట_నాని
ఎర గురించి చెప్పింది నేనే, అయినా గేర్ అన్న వైపే. ఇది వాడికి చెప్పే మాట కాదు. రేపు తమిళంలోనో ఒడియాలోనో ఇలాంటి ప్యాచ్ పంపాలనుకునే పిల్ల చదువుతుంది కదా, ఆ పిల్లకు.

టెస్టర్_సంధ్య
ఉంచు.

తొలిప్యాచ్
ఉంచి పోస్ట్ చేశాను. ఫోన్ బ్యాగులో పడేసి 900కె బస్సు ఎక్కాను. భీమిలి దాకా చూడకూడదని ఒట్టు.

తొలిప్యాచ్
నాలుగు రోజుల తర్వాత వస్తున్నాను. మెయింటెయినర్ మాట్లాడారు. వాళ్ళ నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నారట, అందుకే చూడలేదట. ఎంవీపీ అన్నా, మీరు చెప్పిందే. మొదటి మూడు కామెంట్లు దాచేశారు. 'ఈ ప్రాజెక్టు అన్ని లిపుల కోసం' అని ఒక్క వాక్యం రాశారు. రెండో ఆయన మళ్ళీ వచ్చి ఏదో అన్నాడు, అదీ దాచేశారు. నాలుగో ఆయన సారీ చెప్పలేదు. కానీ నా కొత్త కోడ్ లైను లైనూ చదివి రెండు చోట్ల తప్పు పట్టాడు, రెండూ నిజమే. ఒకటి నిన్న సరిచేశాను, రెండోది ఇవాళ చేస్తున్నాను. ఇంకా మెర్జ్ కాలేదు, అంటే అసలు కోడ్‌లో కలపలేదు.

పదకొండు టెస్టులు చాలవట, ఒత్తులు ఎక్కువున్న మాటలు ఇంకా కావాలట. లక్ష్మి, స్త్రీ, రాష్ట్రం పెట్టేశాను. మీకు తోచినవి రాయండి.

పాతకోడ్
స్వాతంత్ర్యం. సగంమంది 'స్వాతంత్య్రం' అని కూడా టైపు చేస్తారు, రెండూ పెట్టు.

బగ్గు_బండి
జ్ఞాపకం. కనిపించని గుర్తుతో ఒకటి, లేకుండా ఒకటి.

టెస్టర్_సంధ్య
సంధ్య అని పెట్టు. ఒక్క ఒత్తే, అయినా పెట్టు.

జాలరిపేట_నాని
మత్స్యకారుడు.

తొలిప్యాచ్
పెట్టాను నాని. నాలుగో ముక్క దగ్గర కోసి చూశాను. 'మత్స్య' విడిపోలేదు.